సరిహద్దు లెఱుగని వడగండ్లు: పొరుగు దేశముల కూడికపని నేర్పు పాఠము

రైతునకు కలుగు నష్టములలో వడగండ్ల వాన వంటిది వేఱొకటి లేదు. అనావృష్టి నెలల తరబడి హెచ్చరించి వచ్చును. వరద రాకను ఏటి నీరు ముందుగా తెలుపును. చీడపురుగు ఒక ఆకునుండి మఱియొక ఆకునకు ప్రాకుచు మందు చల్లుటకు కొంత వ్యవధి నిచ్చును. వడగండ్లు మాత్రము పావుగంటలో ఏడాది కష్టమును నేలపాలు చేసి పోవును. కోతకు వచ్చిన వరి గింజ రాలి మడిలో కలియును. మామిడి పిందె చెట్టు క్రింద కుప్పపడును. కళ్లములో ఆరబెట్టిన మిరప తడిసి రంగు చెడును. మన తెలుగునాట ఈ వాన మార్చి మొదలు మే వఱకు, అనగా పంట ఇంటికి చేరు దినములలోనే వచ్చుట మఱింత దుఃఖకరము. దీనివలన ప్రాణహానియు కలదు. 1888 ఏప్రిల్ 30వ తేదీన ఉత్తర హిందూదేశమున మొరాదాబాదు ప్రాంతమందు పడిన వడగండ్లకు 246 మంది మరణించిరి.

ఇట్టి ఆపద నెదుర్కొనుటకు ఒక్క రైతు చాలడు. ఒక్క గ్రామమును చాలదు. మబ్బు పొలిమేర రాయిని చూచి ఆగునది కాదు. ఐరోపా ఖండమున రాజ్యములు చిన్నవి. ఒక కొండ వెనుక పుట్టిన మబ్బు కొంతసేపటికే మఱియొక రాజ్యమున వడగండ్లు కురియును. అందుచేత అచ్చటి రైతులును, శాస్త్రజ్ఞులును, ప్రభుత్వములును ఈ విషయమున పొరుగువారితో కలిసి పనిచేయుట క్రమముగా నేర్చుకొనిరి. వారి అనుభవములో జయములును గలవు, అపజయములును గలవు. రెండును మనకు పనికివచ్చునవే. ఏలయన, వడగండ్లను ఆపుదుమని చెప్పు యంత్రములు నేటికిని అమ్మకమునకు వచ్చుచున్నవి. సంఘము సొమ్మును దేనిపై వెచ్చింపవలెను, దేనిపై వెచ్చింపరాదు అను విచారణ వచ్చినపుడు ఈ చరిత్ర తెలిసిన సభ్యుడు మోసపోడు. కావుననే ఈ నెల పాఠమునకు దీనిని గ్రహించితిమి.

1. వడగల్లు ఎట్లు పుట్టును?

ఎండ కాగిన నేలపై గాలి వేడెక్కి తేమతో కూడ పైకి లేచును. మీదికి పోయిన కొలది చల్లబడి మబ్బగును. ఉఱుముల మబ్బు పది కిలోమీటర్లకు మించిన ఎత్తు వఱకు పెరుగును. అంత ఎత్తున చలి గడ్డకట్టు హద్దునకు ఎంతయో దిగువగా నుండును. అయినను మబ్బులోని సన్నని నీటిబొట్టులన్నియు వెంటనే గడ్డకట్టవు. సున్న డిగ్రీలకు దిగువ పది, ఇరువది డిగ్రీల చలిలో గూడ అనేకములు నీరుగానే నిలిచియుండును. అట్టి చోట ఒక చిన్న మంచుపలుకు చేరినచో, ఆ బొట్టులు దానికి తగిలి అంటుకొని గడ్డకట్టును. క్రిందినుండి వీచు బలమైన గాలి దానిని పడనీయక మోయుచుండును. ఇట్లు పొరమీద పొర చేరి పలుకు గుండగును. గాలి మోయలేని బరువైనపుడు అది నేలమీద పడును. వడగల్లును రెండుగా కోసి చూచినచో ఉల్లిపాయలో వలె పొరలు కనబడుట తఱచుగా గలదు.

మఱియొక విషయము. వడగండ్లు దేశమంతట సమముగా పడవు. సన్నని పట్టెగా పడును. ఒక ఊరి పంట తుడిచిపెట్టుకొని పోవును. పక్క ఊరిలో ఆకు చిరుగదు. ఈ ఒక్క గుణమును జ్ఞాపకముంచుకొనుడు. తరువాత చెప్పబోవు సంగతులన్నిటికిని ఇదియే మూలము.

2. ఫిరంగుల కథ

వడగండ్ల మబ్బును చప్పుడుతో చెదరగొట్టవచ్చునను నమ్మకము ఐరోపాలో మిక్కిలి పాతది. కొందఱు గుడిగంటలు మ్రోగించుచుండిరి. కొందఱు మబ్బులపైకి తుపాకులు కాల్చుచుండిరి. ఆస్ట్రియా రాణి మరియా తెరీసా 1750లో ఈ కాల్పులను నిషేధించెను. ఇరుగుపొరుగుల తగవులే యందులకు కారణము. నీవు కాల్చిన కాల్పులచేత నీ చేనిమీది వడగండ్లు నా చేనిమీదికి వచ్చెనని ఒకరిపై నొకరు నేరము మోపుకొనుచుండిరి. మబ్బును తాకు పని ఏదైనను పొరుగువాని అంగీకారము లేనిదే సాగదని ఆనాడే తేటపడెను.

1896లో స్టిరియా దేశపు విండిష్ ఫైస్ట్రిట్జ్ అను పట్టణమున ఆల్బర్ట్ స్టిగర్ అను పురపాలకాధ్యక్షుడు ఈ పాత నమ్మకమునకు క్రొత్త రూపమిచ్చెను. ఆయనకు ద్రాక్షతోటలు గలవు. ఆ పట్టణము నేడు స్లొవేనియా దేశములో నున్నది. ఆనాడు ఆస్ట్రియాకు చెందినది. స్టిగరు చిన్న ఫిరంగులపై రైలు ఇంజను పొగగొట్టము వంటి పెద్ద గరాటులను నిలిపి, మబ్బు పట్టినపుడు మందుగుండు పేల్పించెను. ఆ తరువాత ఒకటి రెండేండ్లు అచ్చట వడగండ్ల నష్టము స్వల్పముగా నుండెను. ఆ వార్త కార్చిచ్చు వలె వ్యాపించెను. పొరుగుననున్న ఇటలీలో కొన్ని సంవత్సరములలోనే వేలకొలది ఫిరంగులు వెలసెను. రైతులు సంఘములుగా గూడి చందాలు వేసికొని వానిని కొనిరి. ప్రేలుడు ప్రమాదములలో కొందఱు ప్రాణములు గోల్పోయిరి గూడ.

వడగండ్లు తక్కువగా పడిన సంవత్సరమున ఫిరంగికి కీర్తి వచ్చెను. ఎక్కువగా పడిన సంవత్సరమున సరిగా కాల్చలేదని కాల్చినవానికి నింద వచ్చెను. నిజము తేల్చుటకు 1902లో గ్రాజ్ నగరమున అంతర్జాతీయ సభ కూడెను. దాని పిమ్మట ఆస్ట్రియావారు విండిష్ ఫైస్ట్రిట్జ్‌లోను, ఇటలీవారు కాస్టెల్‌ఫ్రాంకో వెనెటోలోను ఫిరంగులను వరుసలుగా నిలిపి 1903, 1904 సంవత్సరములలో పరీక్షించిరి. ఫిరంగులు మ్రోగుచుండగనే రెండు చోట్లను వడగండ్లు పడి పంట నాశనమయ్యెను. అంతటితో ఫిరంగుల మోజు చల్లారెను. రెండు దేశములు ఒకే ప్రశ్నను తమ తమ నేలపై పరీక్షించుటచేత, ఫలితము వచ్చినపుడు ఒకరి మాటను మఱియొకరు కాదనుటకు వీలులేకపోయెను.

3. మూడు దేశముల మహాప్రయోగము

1946లో అమెరికా శాస్త్రజ్ఞుడు బెర్నార్డ్ వొనెగట్ సిల్వర్ అయొడైడ్ అను పదార్థపు సన్నని పొగ చల్లని నీటిబొట్టులను గడ్డకట్టించునని కనిపెట్టెను. దీనితో వడగండ్ల విషయమున క్రొత్త ఆశ పుట్టెను. ఆ ఊహ మన రైతులకు సులభముగా తెలియును. నారుమడిలో విత్తనము మితిమీరి చల్లినచో మొలక లన్నియు సన్నగిలును, ఒక్కటియు బలియదు. అట్లే మబ్బులోనికి లెక్కలేనన్ని పలుకులను పంపినచో ఉన్న నీటిని అన్నియు పంచుకొనును. ఏ పలుకును పెద్ద గుండు కాజాలదు. చిన్నచిన్న గుండ్లు దారిలో కరగి వానగా దిగును. ఇది వారి ఆశ.

సోవియట్ దేశమువారు కాకసస్ పర్వత ప్రాంతమున ఈ మందును రాకెట్లలోను, ఫిరంగి గుండ్లలోను కూరి, రాడారు చూపిన మబ్బు భాగమునకు పంపుచుండిరి. నష్టము చాలభాగము తగ్గినదని వారు ప్రకటించిరి. ఆ ప్రకటనను పశ్చిమ ఐరోపావారు నమ్మనూ లేదు, తోసిపుచ్చనూ లేదు. పరీక్షింతమనిరి. స్విట్జర్లాండు, ఫ్రాన్సు, ఇటలీ ఈ మూడు దేశముల శాస్త్రజ్ఞులు కలిసి స్విట్జర్లాండు మధ్యభాగమున నాప్ఫ్ అను కొండ పరిసరములలో 1977 మొదలు 1981 వఱకు ఐదు వేసవులు సోవియట్ పద్ధతినే యనుసరించి ప్రయోగము చేసిరి. దానికి నాలుగవ మహాప్రయోగమని పేరు.

ఆ ప్రయోగమున రెండు విశేషములు గలవు. మొదటిది చీటీ. మబ్బు ప్రమాదకరముగా నున్నను దానిపై రాకెట్టు వేయవలెనా, మానవలెనా యనునది మనుష్యుల ఇష్టమునకు వదలక చీటీ తీసినట్లు నిర్ణయించిరి. మనము క్రొత్త ఎరువును పరీక్షించునపుడు ఒక మడికి వేసి, పక్క మడికి వేయక విడుతుము గదా. ఏ మడికి వేయవలెనో ఎరువు అమ్మువాడు ఎంచుకొన్నచో మంచి మడినే యెంచుకొనును. చీటీ పెట్టినచో పక్షపాతమునకు తావు లేదు. రెండవది కొలత. మెత్తని పలకలను మూడు వందలకు పైగా ఆ ప్రాంతమున నాటిరి. వడగల్లు తగిలిన చోట పలకమీద సొట్ట పడును. సొట్ట పరిమాణమును, సంఖ్యను బట్టి ఎంత బలముగా, ఎన్ని వడగండ్లు పడినవో లెక్క కట్టుదురు. రాడారు లెక్కను దీనితో సరిపోల్చిరి.

ఫలితము 1986లో ప్రకటింపబడెను. రాకెట్టు వేసిన మబ్బులకును, వేయని మబ్బులకును వడగండ్ల బలములో నమ్మదగిన భేదము కనబడలేదు. అమెరికాలో 1972 మొదలు 1974 వఱకు కొలరాడో రాష్ట్రమున ఇట్లే చీటీ పద్ధతిని జరిపిన ప్రయోగమున గూడ నమ్మదగిన భేదము తేలలేదు.

ఐదేండ్లు, మూడు దేశముల ధనము, శ్రమ వ్యర్థమయ్యెనని కొందఱు తలంపవచ్చును. అది సరికాదు. పనిచేయునో చేయదో తెలియని వస్తువుపై రైతులు ఏటేట ధనము పోయకుండ ఆ ప్రయోగము హెచ్చరించెను. ఒక్క దేశమే చేసియుండినచో పొరుగువారు మా మబ్బులు వేఱని చెప్పి మరల మొదటినుండి ఖర్చుపెట్టి యుందురు.

ఈ ప్రయత్నములు నేటికిని ఆగలేదు. ఫ్రాన్సులో 1951లో ఏర్పడిన యొక సమితి నేలపై నుంచిన పొయ్యిల ద్వారా సిల్వర్ అయొడైడ్ పొగను పంపుచు, పలకలతో వడగండ్లను కొలుచుచున్నది. ఫ్రాన్సు, స్పెయిను దేశముల శాస్త్రజ్ఞులు కూడి ఆ కొలతలను పరిశీలించి, మేలు కనబడుచున్నదని వ్రాసిరి. అయితే ఆ పనిలో చీటీ పద్ధతి లేదు గనుక ఇతర శాస్త్రజ్ఞులు దానిని తుదితీర్పుగా గ్రహింపలేదు. చప్పుడు ఫిరంగుల విషయమున మాత్రము ప్రపంచ వాతావరణ సంస్థ స్పష్టముగా చెప్పినది: వానికి శాస్త్రాధారము లేదు. అయినను మన దేశమున హిమాచల ప్రదేశపు ఆపిలు తోటలలో 2010లో ఇట్టి ఫిరంగులను విదేశమునుండి తెప్పించి నెలకొల్పిరి.

4. పొరుగువానికి ముందుగా చెప్పుట

మబ్బుపై మందు చల్లు పని ఫలించినను, ఫలింపకున్నను, పొరుగువానికి అనుమానము తప్పదు. నా వానను నీవు దొంగిలించితివనును. నీ వడగండ్లను నా మీదికి త్రోసితివనును. 1750 నాటి తగవు రాజ్యముల మధ్య వచ్చినచో ప్రమాదము మఱింత హెచ్చు. అందుచేత అమెరికా సంయుక్త రాష్ట్రములును, కెనడాయును 1975లో ఒక ఒడంబడిక చేసికొనెను. వాతావరణమును మార్చు ప్రయత్నము ఎవరు చేసినను ఆ సమాచారమును రెండవవారికి తెలుపవలెనని దాని సారాంశము. వాతావరణాదులను మార్చు పద్ధతులను శత్రుత్వముతో నొకరిపై నొకరు ప్రయోగింపరాదను అంతర్జాతీయ ఒప్పందము 1977లో సంతకములకు వచ్చి 1978లో అమలులోనికి వచ్చెను. కాలువ నీటి వంతులలో మనమెరిగిన న్యాయమే యిది. తూము ఎత్తుటకు ముందు క్రింది రైతునకు కబురు పంపవలెను.

5. హెచ్చరికను పంచుకొనుట

వడగండ్లను ఆపుట సందేహమైనను, వాని రాకను తెలిసికొనుట సాధ్యము. రాడారు మబ్బులోని వడగండ్ల జాడను పసిగట్టును. కాని ఒక దేశపు రాడారు తన చుట్టుపట్టునే చూడగలదు. మబ్బు పుట్టిన చోటు పొరుగు దేశములో నున్నచో అచ్చటి రాడారు చూపునే మనము కోరవలెను. ఐరోపా దేశముల వాతావరణ శాఖలు 1999లో తమ రాడారుల సమాచారమును కలుపుకొను ఉమ్మడి కార్యక్రమమును ఆరంభించినవి. 2007 నుండి అనేక దేశముల హెచ్చరికలు ఒకే పటముపై, ఒకే రంగుల భాషలో ప్రకటింపబడుచున్నవి. పసుపు, నారింజ, ఎఱుపు అను రంగులకు అన్ని దేశములలోను అర్థమొక్కటే. సరిహద్దు దాటి పనిచేయు రైతునకు అర్థము మాఱదు.

హెచ్చరిక వచ్చినంత మాత్రమున పంట దక్కదు. గంట వ్యవధిలో ఏమి చేయవలెనో ముందుగా నిర్ణయించుకొన్నవానికే అది యుపకరించును. కళ్లములోని ధాన్యము, మిరప, పసుపులపై కప్పుటకు పట్టాలు సిద్ధముగా నుండవలెను. పశువులను కొట్టములోనికి తోలవలెను. మనుష్యులు చెట్ల క్రింద నిలువక కప్పుగల ఇంటిలోనికి పోవలెను.

6. నష్టమును పంచుకొనుట

పొరుగువారి కూడికపనిలో నిశ్చయముగా ఫలించినది పరస్పర భీమా. 1797లో ఉత్తర జర్మనీలోని మెక్లెన్‌బర్గ్ ప్రాంతమున నోయ్‌బ్రాండెన్‌బర్గ్ పట్టణమందు వ్యవసాయదారులు గూడి వడగండ్ల భీమా సంఘమును స్థాపించిరి. స్విట్జర్లాండు రైతుల వడగండ్ల భీమా సంఘము 1880లో సహకార పద్ధతిపై ఏర్పడి నేటికిని నడచుచున్నది. సభ్యులు చెల్లించు చందాలే మూలధనము. నష్టపడిన సభ్యునకే పరిహారము. సంఘమునకు సభ్యులే యజమానులు.

వడగండ్లు పట్టెలుగా పడునని మొదట చెప్పితిమి. భీమా యొక్క బలమంతయు అందే యున్నది. ఒక్క ఊరివారు మాత్రమే చందాలు వేసికొన్నచో, వడగండ్లు ఆ ఊరిపై పడిననాడు చందా లిచ్చినవారందఱును ఒక్కసారిగా నష్టపడుదురు. నిధి ఆ దినముననే నిండుకొనును. నూఱు ఊళ్లు చేరినచో ఏ యేడును కొన్ని మాత్రమే దెబ్బతినును. తక్కినవి వానిని నిలబెట్టును. పలు దేశములు చేరినచో నిధి మఱింత స్థిరమగును. ఈ లెక్క తెలిసియే జర్మనీలోని యొక పెద్ద పరస్పర భీమా సంఘము లక్సెంబర్గు, నెదర్లాండ్సు, ఇటలీ, లిథుయేనియా మున్నగు దేశముల రైతులకును తన వ్యవహారమును విస్తరించెను. వడగండ్ల భీమా సంఘములన్నియు నష్టము అంచనా కట్టు పద్ధతులను చర్చించుకొనుటకు 1951లో అంతర్జాతీయ సమాజముగా నేర్పడినవి. పగిలిన ఆకెంత, రాలిన గింజ యెంత అని తూచు విధానము అందఱకు నొక్కటైననే తగవు తగ్గును.

ఖరీదైన తోటపంటలకు మఱియొక రక్షణ గలదు. చెట్లపై గట్టి వలలను పందిరివలె కట్టుట. ఇటలీ ఉత్తరమునను, ఆస్ట్రియాలోను, హిమాచల ప్రదేశమునను ఆపిలు తోటలకు ఇట్టి వలలు వేయుచున్నారు. వడగల్లు వలపై ఆగుట కంటికి కనబడును; నమ్మకమునకు వేఱు ప్రయోగమక్కఱలేదు. ఖర్చు మాత్రము హెచ్చు గనుక వరి, జొన్న వంటి పైరులకు ఇది గిట్టుబాటు కాదు.

7. మన సంఘము చేయదగిన పనులు

మనకు రాజ్యముల ఒడంబడికలు కుదుర్చు శక్తి లేకపోవచ్చును. పొరుగు ఊరితో పొత్తు కుదుర్చు శక్తి గలదు. ఈ క్రింది పనులను కార్యవర్గము ఆలోచింపవలెనని మా మనవి.

ఒకటి: వడగండ్లను ఆపునని ఎవరేని యంత్రమును గాని మందును గాని తెచ్చినచో మూడు ప్రశ్న లడుగవలెను. చీటీ పద్ధతిని పరీక్షించితిరా? అమ్మువారు గాక అన్యులు కొలిచిరా? పొరుగు ఊళ్లవారు అంగీకరించిరా? మూటికిని తగిన సమాధానము రానిచో సంఘము సొమ్ము పెట్టెలోనే యుండవలెను.

రెండు: వాతావరణ శాఖవారి హెచ్చరికను చూచి చాటింపు వేయుటకు ఊరికొక బాధ్యుడుండవలెను. పడమటి ఊళ్ల సంఘములతో టెలిఫోను పొత్తు పెట్టుకొనవలెను. మబ్బు ముందుగా చూచినవారు రెండవవారికి చెప్పవలెను.

మూడు: పట్టాలను సంఘము తరఫున కొని గోదాములో నుంచి, కళ్లముల కాలమున అద్దెకీయవలెను. ఒక్కొక్కరు విడిగా కొనుటకంటె ఇది చవుక.

నాలుగు: 2016 నుండి దేశమున అమలులో నున్న ప్రధానమంత్రి ఫసల్ భీమా పథకమున వడగండ్ల నష్టము స్థానిక విపత్తుగా చేర్చబడినది. నష్టము జరిగిన 72 గంటలలోపల తెలియజేయవలెనను నియమము గలదు. తన రాష్ట్రమున, తన పంటకు ఆ పథకము వర్తించునో లేదో ప్రతి సభ్యుడును విత్తుటకు ముందే కార్యదర్శి నడిగి తెలిసికొనవలెను. వడగండ్లు పడినపిమ్మట అడిగిన ప్రశ్నకు విలువ తక్కువ.

ఫిరంగి మ్రోగించిన రైతు పొరుగువానితో తగవు తెచ్చుకొనెను. కలిసి పరీక్షించిన రైతులు నిజము తెలిసికొనిరి. కలిసి చందా వేసికొన్న రైతులు చెడిన యేడు గూడ మరల విత్తనము కొనగలిగిరి. ఈ మూడవ దారియే సహకారము.

చర్చకు ప్రశ్నలు

1. వడగండ్లు సన్నని పట్టెగా పడుటకును, భీమా నిధి విశాలముగా నుండవలసిన అవసరమునకును గల సంబంధమేమి?

2. వడగండ్లు తక్కువగా పడిన యొక్క సంవత్సరమును చూచి ఫిరంగి పనిచేసినదని నిర్ణయించుటలో దోషమేమి?

3. మూడు దేశముల ప్రయోగమున చీటీ పద్ధతి నేల అనుసరించిరి? మన పొలములో క్రొత్త విత్తనమును పరీక్షించునపుడు ఆ పద్ధతిని ఎట్లు వాడవచ్చును?

4. గడచిన పదియేండ్లలో మన ఊరిలో ఏ యే నెలలలో, ఏ దిక్కునుండి వడగండ్ల వాన వచ్చెను? పెద్దలనడిగి పట్టిక వ్రాసి సంఘ కార్యాలయమున నుంచుడు.